ఏ జన్యు పరీక్ష ఎవరికి? క్యారియోటైప్ నుంచి హోల్ జీనోమ్ దాకా

జన్యు పరీక్షల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: “ఇన్ని రకాలతో తలనొప్పి ఎందుకండీ, అన్నిటికన్నా పెద్దది ఒక్కటి చేయించేస్తే పోలా?” అడగడంలో తప్పులేదు. రక్తపరీక్షల ప్యాకేజీలు అలవాటయ్యాక ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ ఇక్కడ ఆ లెక్క కుదరదు. జీనోమ్ మొత్తం చదివే పరీక్షలో కూడా జారిపోయే మార్పులున్నాయి. వాటిలో కొన్ని, 1950ల నాటి పద్ధతిలో మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఇట్టే దొరుకుతాయి.

అందుకని పరీక్ష పేరుతో కాకుండా ప్రశ్నతో మొదలుపెడదాం. దేనికోసం వెతుకుతున్నాం? ఆ మార్పు ఎంత పెద్దదై ఉండొచ్చు? ఎవరిలో వెతకాలి? ఈ మూడూ తేలితే పరీక్ష పేరు దానంతటదే తేలుతుంది. ఆఖరి నిర్ణయం ఎలాగూ డాక్టరుతోనో జెనెటిక్ కౌన్సెలర్‌తోనో కూర్చుని తీసుకోవాల్సిందే. ఆ గదిలోకి అడుగుపెట్టేముందు తెలిసుంటే మేలనిపించిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ముందు కొలతలు

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు ఉంటాయి. 23 తల్లివి, 23 తండ్రివి. ఒక్కో క్రోమోజోమ్ ఒక పొడవాటి డీఎన్‌ఏ పోగు. ఆ పోగు మీది రాతకు నాలుగే అక్షరాలు: ఏ, టీ, జీ, సీ. 23 క్రోమోజోముల ఒక సెట్టులో దాదాపు 310 కోట్ల అక్షరాలుంటాయి. ఈ మొత్తం రాతే జీనోమ్. అందులో ప్రొటీన్ల తయారీకి సూచనలున్న జన్యువులు సుమారు 20 వేలు. జన్యువులో ఉన్నదంతా కూడా ప్రొటీన్‌గా మారదు. మధ్యలో అక్కర్లేని ముక్కలు తీసేయగా మిగిలేవాటిని ఎక్సాన్లంటారు. ఆ ఎక్సాన్లన్నీ కలిస్తే ఎక్సోమ్. జీనోమ్‌లో అది ఒకటి రెండు శాతమే.

అంకెలు పెద్దవి కావడంతో ఊహకు అందవు. నేనైతే ఇలా లెక్కేసుకుంటాను. జీనోమ్‌ను అచ్చు వేశారనుకుందాం. పేజీకి 2 వేల అక్షరాలు, సంపుటానికి 500 పేజీలు. అంటే ఒక్కో సంపుటానికి పది లక్షల అక్షరాలు, మొత్తం 3,100 సంపుటాలు. ఎక్సోమ్ ఇందులో 30 నుంచి 60 సంపుటాల మేర ఉంటుంది. అదీ ఒకచోట కాదు, ఇక్కడ మూడు వరుసలు, అక్కడ నాలుగు వరుసలు అన్నట్టు గ్రంథమంతా చెల్లాచెదురుగా.

ఇందులో దొర్లే తప్పులు కూడా ఒక సైజువి కావు. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోమ్ మూడోది అదనంగా ఉంటుంది. మన లెక్కలో సుమారు 45 సంపుటాల కట్ట ఒకటి ఎక్కువ వచ్చిందన్నమాట. సికిల్ సెల్ అనే రక్త వ్యాధిలోనో, మారింది ఒకే ఒక్క అక్షరం. కట్ట ఎక్కువైందో లేదో చూడటానికి ప్రతి పేజీ చదవక్కర్లేదు. అక్షరం తప్పు పట్టుకోవాలంటే బీరువా ముందు నిలబడి సంపుటాలు లెక్కపెడితే లాభం లేదు. జన్యు పరీక్షల మధ్య తేడా చాలావరకు ఇదే.

సంపుటాలు లెక్కపెట్టే పరీక్షలు

క్యారియోటైప్ అన్నిటికన్నా పాతది. రక్తంలోని తెల్లకణాలను రెండు మూడు రోజులు ల్యాబులో పెంచుతారు. అవి విభజన చెందుతుండగా, క్రోమోజోములు బాగా చుట్టుకుని లావుగా కనిపించే దశలో మందు వేసి ఆపేస్తారు. తర్వాత రంగు వేస్తే ఒక్కో క్రోమోజోమ్ మీద అడ్డచారలు తేలతాయి. ఫొటో తీసి, చారలను బట్టి జతలు జతలుగా పేర్చి చూస్తారు. కణాలు బతికుండి, విభజన చెందాలి కాబట్టి ఫలితానికి వారం పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మనిషికి ఉన్నవి 46 క్రోమోజోములని ఈ తరహా పద్ధతితోనే 1956లో తేలింది. అప్పటిదాకా శాస్త్రవేత్తలు మూడు దశాబ్దాలకు పైగా 48 అనే నమ్మారు. లెక్క తేలిన మూడేళ్లకే, 1959లో, డౌన్ సిండ్రోమ్‌కు కారణం అదనపు క్రోమోజోమ్ అని బయటపడింది.

దీని లోపం చూపు ఆనకపోవడం. మార్పు కనీసం 50 లక్షల నుంచి కోటి అక్షరాల మేర ఉంటేగానీ కంటికి కనిపించదు. అంటే ఐదు నుంచి పది సంపుటాలు పోయినా ఒక్కోసారి గుర్తుపట్టలేం.

క్రోమోజోమల్ మైక్రోఅరే ఆ లోటు తీర్చింది. ఇది ఫొటో కాదు. జీనోమ్‌లో ఎక్కడెక్కడ డీఎన్‌ఏ మోతాదు ఉండాల్సినదానికన్నా తగ్గిందో పెరిగిందో తూచి చెబుతుంది. 50 వేల నుంచి లక్ష అక్షరాల మేర తేడా ఉంటే చాలు, అంటే పాతిక నుంచి 50 పేజీలు, పట్టేస్తుంది. ఎదుగుదలలో వెనకబడిన పిల్లలకు, పుట్టుకతో ఒకటికి మించి అవయవ లోపాలున్న పిల్లలకు చాలాకాలంగా మొదట రాసే పరీక్ష ఇదే.

అలాగని మైక్రోఅరే వచ్చాక క్యారియోటైప్ అవసరం తీరిపోలేదు. కొందరిలో ఒక క్రోమోజోమ్ ముక్క తెగి ఇంకో క్రోమోజోమ్‌కు, దాని ముక్క దీనికి అతుక్కుని ఉంటాయి. దీన్ని బ్యాలెన్స్‌డ్ ట్రాన్స్‌లొకేషన్ అంటారు. దాదాపు 500 మందిలో ఒకరికి ఉంటుంది. సంపుటాలు స్థానాలు మారాయే తప్ప ఒక్క పేజీ కూడా పోలేదు కాబట్టి సాధారణంగా ఆ మనిషి ఆరోగ్యానికి ఢోకా ఉండదు. చిక్కంతా పిల్లలప్పుడే. అండంలోకో శుక్రకణంలోకో సగం సెట్టు పంచేటప్పుడు ఆ ముక్కలు సరిగ్గా పంపకం కాక, గర్భం నిలవకపోవచ్చు. తూకం వేసే మైక్రోఅరేకి ఇది కనిపించదు, ఎందుకంటే తూకం సరిగ్గానే ఉంటుంది. మామూలు జీనోమ్ సీక్వెన్సింగ్‌లో, అంటే అక్షరాలను వరసగా చదివే పరీక్షలో, కూడా తప్పిపోవచ్చు. మళ్లీ మళ్లీ గర్భస్రావాలవుతున్న దంపతులు “లేటెస్ట్ టెస్ట్” కోసం పట్టుబట్టేముందు ఇద్దరి క్యారియోటైప్ అయిందో లేదో అడగాలి. ఇద్దరిదీ అన్న మాట గుర్తుపెట్టుకోండి. భార్యకొక్కదానికే పరీక్షలు రాయించుకుని వచ్చే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ముక్కలు తారుమారైంది భర్తలోనూ అయ్యుండొచ్చు.

అక్షరాలు చదివే పరీక్షలు

అక్షరం తప్పితే ఏమవుతుందో తెలుగులోనే చూద్దాం. కణం డీఎన్‌ఏను మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. మూడక్షరాల మాటలతో ఒక వాక్యం:

కమల పడవ నడిపి గెలిచె

‘వ’ బదులు ‘క’ పడితే “కమల పడక నడిపి గెలిచె”. ఒక్క మాట మారింది, అర్థం పాడైంది, మిగతాది నిలబడింది. ఇప్పుడు మార్చడం కాకుండా ‘మ’ను తీసేసి, మూడేసి చొప్పున చదవండి: “కలప డవన డిపిగె లిచె”. మొదటి మాట అదృష్టవశాత్తూ అర్థమున్న మాటే అయింది. అక్కడి నుంచి అంతా గందరగోళం. అక్షరం మారడం కన్నా ఒక అక్షరం ఎగిరిపోవడం తరచుగా ఎక్కువ నష్టం చేసేది ఇందుకే. మూడక్షరాలూ కలిపి పోతే ఒక మాట మాత్రమే పోతుంది, తర్వాతి వరస చెడదు.

ఇలాంటి తప్పులు పట్టాలంటే సీక్వెన్సింగ్ కావాలి. ఎంత మేర చదవాలన్నదే ఎంపిక.

ఇంట్లో ఒకరికి ఫలానా అక్షరం దగ్గర మార్పుందని ఇప్పటికే తేలిందా? అయితే మిగతావాళ్లకు ఆ ఒక్క చోటు చూస్తే చాలు. ఇంతకన్నా స్పష్టమైన ఫలితం ఇచ్చే జన్యు పరీక్ష లేదు: ఉంది, లేదా లేదు. అయినా ఈ స్థితిలో ఉన్నవాళ్లు కూడా పెద్ద ప్యాకేజీలు కొనడం చూస్తుంటాం. దానివల్ల అసలు ప్రశ్నకు జవాబు ఏమీ మెరుగుపడదు, సంబంధం లేని సందేహాలు మాత్రం నాలుగు వచ్చి చేరతాయి.

లక్షణాలు చూడగానే డాక్టరుకు జబ్బు పేరు దాదాపు తెలిసిపోతే, ఆ జన్యువొక్కటే చూపించుకోవచ్చు. సికిల్ సెల్ అలాంటిది. లక్షణాలు ఒకటే అయినా వాటి వెనక పదుల జన్యువుల్లో ఏదైనా ఉండే అవకాశం ఉంటే ప్యానెల్, అంటే ఆ జన్యువులన్నిటినీ కలిపి ఒకేసారి చదివే పరీక్ష, కావాలి. కుటుంబంలో వరసగా వచ్చే క్యాన్సర్లు, కొన్ని గుండె కండరాల జబ్బులు, మూర్ఛ, పుట్టు చెవుడు ఈ కోవలోకి వస్తాయి.

ఇక్కడ చిన్న పిడకలవేట. “ఆవిడకు బీఆర్‌సీఏ జీన్ ఉందట” అంటుంటారు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువులు అందరికీ ఉంటాయి, మగవాళ్లతో సహా. తెగిన డీఎన్‌ఏను అతికే పని వాటిది. ఆ జన్యువును పాడుచేసే మార్పు ఉన్నప్పుడే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. మగవాళ్ల నుంచి కూతుళ్లకు కూడా ఆ మార్పు వెళ్తుంది కాబట్టి తండ్రివైపు చరిత్ర అడగకుండా వేసిన అంచనా సగం అంచనాయే.

ఏ జబ్బో పేరు పెట్టలేని పరిస్థితిలో ఎక్సోమ్ అక్కరకొస్తుంది. పిల్లవాడికి నడక ఆలస్యం, మాట రాలేదు, ఫిట్స్ వస్తున్నాయి, ముఖం తీరులో ఏదో తేడా ఉంది, కానీ ఇవన్నీ కలిపితే ఏ ఒక్క జబ్బుకీ సరిపోవు. అప్పుడు 20 వేల జన్యువుల ఎక్సాన్లనూ ఒకేసారి చదివించడం సబబు. వీలైతే తల్లిదండ్రుల శాంపిళ్లతో కలిపి ముగ్గురివీ ఒకేసారి చేయించాలి. దీన్ని ట్రయో అంటారు. ఎందుకంటే ప్రతి బిడ్డలోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు సుమారు 60, 70 పుడతాయి. తీవ్రమైన ఎదుగుదల సమస్యలకు తరచుగా వాటిలో ఒకటే కారణం. బిడ్డదొక్కటే చదివితే వేల మార్పుల్లో ఏది కొత్తదో తెలియదు. ముగ్గురివీ పక్కపక్కన పెడితే కొత్తది దానంతటదే బయటపడుతుంది. బిడ్డకు ఎక్సోమ్ ఒక్కటీ చేయించడమా, ట్రయోనా అని ఊగిసలాడుతుంటే, నా ఓటు ట్రయోకే.

హోల్ జీనోమ్ 310 కోట్ల అక్షరాల్లో దాదాపు అన్నిటినీ చదువుతుంది. ఎక్సాన్ల మధ్య దాగిన తప్పులు, చిన్నచిన్న ముక్కల లోపాలు ఎక్సోమ్‌లో కన్నా ఇందులో బాగా దొరుకుతాయి. కానీ చదవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు. ప్రామాణిక జీనోమ్‌తో పోలిస్తే మనలో ప్రతి ఒక్కరికీ 40 నుంచి 50 లక్షల చోట్ల తేడాలుంటాయి. వాటిలో దాదాపు అన్నీ ఏ హానీ చేయనివే. ప్రొటీన్ రాయని 98 శాతం ప్రాంతంలో కనిపించిన తేడా మంచిదో చెడ్డదో చెప్పడం చాలాసార్లు ఇప్పటికీ సాధ్యం కాదు. ఎక్సోమ్‌లో ఏమీ తేలకపోయినా జన్యు కారణమే అని గట్టి అనుమానం ఉన్నప్పుడు, ఐసీయూలో ఉన్న పసికందుకు ఒకదాని తర్వాత ఒకటి చేసేంత టైమ్ లేనప్పుడు జీనోమ్ మంచి ఎంపిక. ఆరోగ్యంగా ఉండి, ఊరికే తెలుసుకుందామనుకునేవాళ్లకు నేనైతే చెప్పను.

పెద్ద పరీక్ష కళ్లుగప్పేవి

సీక్వెన్సింగ్ యంత్రాలు ఎక్కువగా డీఎన్‌ఏను తునకలు చేసి, ఒక్కో తునకలో 150 అక్షరాల చొప్పున చదువుతాయి. తర్వాత కంప్యూటరు వాటిని సరైన చోట్ల అతికిస్తుంది. ఒకే మాట మళ్లీ మళ్లీ వచ్చే చోట ఈ అతుకు పని చెడుతుంది. పిల్లల్లో మేధో వైకల్యానికి వంశపారంపర్యంగా వచ్చే ముఖ్య కారణాల్లో ఫ్రాజైల్ ఎక్స్ ఒకటి. అందులో ‘సీజీజీ’ అనే మూడక్షరాల ముక్క 200 సార్లకు పైగా వరసగా పడి ఉంటుంది. అంటే 600 అక్షరాలకు పైమాటే. 150 అక్షరాల తునకతో దాని పొడవు కొలవడమెలా? మూరెడు తాడుతో బావి లోతు చూసినట్టే. అందుకే దీనికి వేరే పరీక్ష ఉంది, పేరు పెట్టి అడిగి చేయించుకోవాలి. ఎక్సోమ్ నార్మల్ వచ్చిందని ఫ్రాజైల్ ఎక్స్ లేదని అనుకోకూడదు.

మెదడు కణాలు క్రమంగా దెబ్బతినే హంటింగ్టన్ జబ్బు కూడా ఇలాంటి లెక్కే. నాలుగో క్రోమోజోమ్ మీది ఒక జన్యువులో ‘సీఏజీ’ 40 సార్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, ఆయుష్షు ఉంటే జబ్బు వచ్చితీరుతుంది. 36 నుంచి 39 మధ్య ఉంటే రావొచ్చు, రాకపోవచ్చు. 26 దాకా మామూలే. తల్లికో తండ్రికో ఈ జబ్బున్న మనిషి, తనకింకా ఏ లక్షణమూ లేనప్పుడు ఈ పరీక్ష చేయించుకోవాలా? జబ్బును ఆపే చికిత్స చేతిలో లేదు. తెలుసుకుని జీవితాన్ని దానికి తగ్గట్టు మలుచుకునేవాళ్లున్నారు. తెలియకుండా బతకడమే మేలనుకునేవాళ్లు అంతకన్నా ఎక్కువమంది. “చేయించుకోను” అన్నది కూడా ఇక్కడ పూర్తి స్థాయి ఎంపికే. పక్కవాళ్లు తొందరపెట్టకూడదు.

వెన్నెముక కండరాల క్షీణత, అంటే ఎస్ఎంఏ, ఇంకో ఉదాహరణ. దానికి కారణమైన జన్యువుకు పక్కనే దాదాపు కవల లాంటి ఇంకో జన్యువుంది. మామూలు ఎక్సోమ్‌లో ఏ తునక దేనిదో కంప్యూటరు తికమకపడుతుంది. దీనికీ ప్రత్యేక పరీక్ష ఉంది.

ఇంకొకటి కూడా ఉంది, కొంచెం విచిత్రంగా అనిపిస్తుంది. జీనోమ్‌లో ప్రతి అక్షరాన్నీ సగటున 30 సార్లు చదువుతారు. ఎక్సోమ్‌లో అయితే సుమారు వంద సార్లు. చిన్న ప్యానెల్‌లో కొన్ని వందల సార్లు. ఒంట్లోని కణాలన్నిట్లో కాక కొన్నిట్లోనే మార్పు ఉంటే, 30 సార్లు చదివినప్పుడు అది ఒక్కసారి కనిపించి యంత్రం పొరపాటు కింద కొట్టుకుపోవచ్చు. 500 సార్లు చదివితే 15 సార్లు కనిపించి నమ్మకం కుదురుతుంది. క్యాన్సర్ గడ్డ ముక్కలకు చాలాసార్లు జీనోమ్ కాకుండా లోతుగా చదివే ప్యానెల్ రాసేది అందుకే. గడ్డలో దొరికిన మార్పు ఆ గడ్డకే పరిమితమైనదా, పుట్టుకతో ఒళ్లంతా ఉన్నదా అన్నది మళ్లీ వేరే ప్రశ్న. పిల్లలకు వెళ్లేది రెండో రకమే, అది తేల్చడానికి రక్తమో లాలాజలమో విడిగా పరీక్షించాలి.

కడుపులో బిడ్డ సంగతి

గర్భిణి రక్తంలో మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చిన డీఎన్‌ఏ తునకలు తిరుగుతుంటాయని 1997లో తెలిసింది. దాని మీద పుట్టిందే ఎన్‌ఐపీటీ. పదో వారం దాటాక తల్లి రక్తం తీసి 21, 18, 13 క్రోమోజోములు ఎక్కువున్నాయేమో చూస్తారు. సూది గర్భం దాకా వెళ్లదు, బిడ్డకు ప్రమాదం లేదు. డౌన్ సిండ్రోమ్ విషయంలో వందకు 99 దాకా పట్టుకుంటుంది.

“99 శాతం కరెక్ట్” అన్నమాట విని, పాజిటివ్ వస్తే జబ్బు ఖాయమనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. వెయ్యి మందిలో ఒక బిడ్డకు ఉండే సమస్య అనుకుందాం. లక్షమంది గర్భిణులకు పరీక్ష చేస్తే 100 మంది బిడ్డలకు నిజంగా ఉంటుంది, అందులో 99 దొరుకుతాయి. మిగిలిన 99,900 మందిలో వెయ్యికి ఒకటి చొప్పున పొరపాటు పాజిటివ్ వచ్చినా అవి 100. మొత్తం పాజిటివ్‌లు 199, అందులో సగం తప్పు. అదే పదివేలలో ఒకరికి వచ్చే అరుదైన సమస్య అయితే నిజమైనవి 10, పొరపాటువి 100. పాజిటివ్ వచ్చిన 11 మందిలో పది మంది ఊరికే ఏడ్చినట్టు. పరీక్ష ఎక్కడా మోసం చేయలేదు, వెతికే వస్తువు అరుదైంది, అంతే. తల్లి వయసు పెరిగేకొద్దీ డౌన్ సిండ్రోమ్ అవకాశం పెరుగుతుంది కాబట్టి, అదే పాజిటివ్‌కు పెద్ద వయసు తల్లిలో విలువ ఎక్కువ. ప్యాకేజీలో అరుదైన చిన్న లోపాలన్నీ కలిపి అమ్ముతుంటే ఈ లెక్క గుర్తు చేసుకోండి.

పైగా ఆ డీఎన్‌ఏ మాయది, బిడ్డది కాదు. రెండూ ఒక్కోసారి ఒకేలా ఉండవు. కాబట్టి ఎన్‌ఐపీటీ పాజిటివ్‌తో ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోకూడదు. 15వ వారం తర్వాత ఉమ్మనీరు తీసి చేసే పరీక్ష, లేదా అంతకన్నా ముందు, సుమారు 10 నుంచి 13 వారాల మధ్య మాయ ముక్క తీసి చేసేది, ఖాయం చేస్తాయి, అయితే మాయ ముక్కలో కనిపించినదాన్ని కూడా ఒక్కోసారి ఉమ్మనీటితో సరిచూడాల్సి వస్తుంది. వీటిలో గర్భస్రావం ముప్పు కొద్దిగా ఉంటుంది. స్కానింగ్‌లో ఇప్పటికే స్పష్టమైన లోపం కనిపించిందా? అప్పుడు ఎన్‌ఐపీటీతో రెండు వారాలు పోగొట్టుకోకుండా నేరుగా ఉమ్మనీటి పరీక్షతో పాటు మైక్రోఅరే గురించి అడగడం మేలు.

గర్భానికి ముందే చేయించుకునే క్యారియర్ పరీక్ష గురించి రెండు మాటలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు ప్రతుల్లో (కాపీల్లో) ఒకటే చెడితే జబ్బు రాని జన్యువులున్నాయి, అలా ఒక చెడిన కాపీ ఉన్న మనిషే క్యారియర్. భార్యాభర్తలిద్దరికీ ఒకే జన్యువులో అలాంటి కాపీ ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడం పొరపాటు, బొమ్మాబొరుసుకు జ్ఞాపకం ఉండదు. ఇద్దరూ దగ్గరి బంధువులైనా, రెండు వైపులా పెద్దల్లో ఒకే జబ్బు ఉన్నా ఈ పరీక్ష తప్పకుండా ఆలోచించదగ్గది.

ముందు ఎవరి రక్తం?

ఎంపికలో జనం ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. అమ్మకు, పిన్నికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కూతురు భయపడి తను ప్యానెల్ చేయించుకుంటుంది, నెగెటివ్ వస్తుంది. ఊపిరి పీల్చుకోవచ్చా? చెప్పలేం. ఆ కుటుంబంలో ఉన్న మార్పు కూతురికి రాకపోవడం వల్ల నెగెటివ్ వచ్చిందా, లేక ఈ పరీక్షకు అందని కారణమేదో ఆ కుటుంబంలో ఉందా? తేడా తెలియాలంటే మొదట జబ్బు వచ్చినవాళ్లను పరీక్షించాలి. అమ్మలో మార్పు దొరికితే, కూతురికి ఆ ఒక్కచోటు చూసి, లేదని తేలితే అది అసలైన నెగెటివ్. అమ్మలో ఏమీ దొరక్కపోతే కూతురి నెగెటివ్‌కు పెద్ద అర్థం లేదు, వైద్యులు కుటుంబ చరిత్రను బట్టే జాగ్రత్తలు చెబుతారు. జబ్బు వచ్చినవాళ్లు ఇప్పుడు లేకపోతే, అప్పటి బయాప్సీ ముక్క ఎక్కడైనా భద్రపరిచి ఉందేమో అడగొచ్చు.

శాంపిల్ ఎవరిదన్నదే కాదు, ఏమిటన్నదీ ముఖ్యమే. ఎముక మజ్జ మార్పిడి అయిన మనిషి రక్తంలో ఉండేది దాత డీఎన్‌ఏ. లాలాజలంలో కూడా తెల్లకణాలు కలుస్తాయి కాబట్టి అదీ పనికిరాదు. అలాంటివాళ్లకు చర్మం ముక్క తీసుకుంటారు. ఈ సంగతి ఫారంలో రాయకపోతే వచ్చేది వేరే మనిషి రిపోర్టు.

ఇంటికి తెప్పించుకునే కిట్లు

గొట్టంలో ఉమ్మి పంపితే పూర్వీకుల వివరాలూ, ఆరోగ్యం సంగతులూ చెప్పే కిట్లు ఎక్కువగా జీనోమ్‌ను చదవవు. ముందే ఎంచుకున్న కొన్ని లక్షల చోట్ల ఏ అక్షరముందో చూస్తాయంతే. 310 కోట్లలో ఆరేడు లక్షలు. జనంలో విరివిగా కనిపించే తేడాలకు ఇది బాగానే పనిచేస్తుంది, అరుదైన వాటి దగ్గర తడబడుతుంది. 2018లో అచ్చయిన ఒక పరిశీలనలో, ఇలాంటి కిట్ల ముడి డేటాలో కనిపించిన మార్పులను క్లినికల్ ల్యాబులో మళ్లీ చూస్తే వందకు 40 అసలు లేనే లేవు. అదే ఏడాది అమెరికాలో ఒక కిట్‌కు బీఆర్‌సీఏ ఫలితాలు చెప్పే అనుమతి వచ్చింది, కానీ మూడే మూడు మార్పులకు. అవి ముఖ్యంగా అష్కెనాజీ యూదుల్లో, అంటే మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న యూదుల్లో, కనిపించేవి. ఆ రెండు జన్యువుల్లో హాని చేసే మార్పులు వేలల్లో ఉన్నాయి. ఆ వంశానికి చెందని మనిషికి అందులో వచ్చిన “లేదు”తో ఒరిగేదేమీ లేదు.

సరదాకైతే తప్పులేదు. కాకపోతే మీ డీఎన్‌ఏ మీ ఒక్కరిదే కాదు, తోబుట్టువులది సగం, మేనత్త మేనమామల పిల్లలది ఎనిమిదో వంతు అందులో ఉంటుంది. కాలిఫోర్నియాలో దశాబ్దాలుగా దొరకని హంతకుడు 2018లో పట్టుబడింది, దూరపు బంధువులు ఒక వంశావళి వెబ్‌సైట్‌లో పెట్టుకున్న డీఎన్‌ఏ ద్వారానే. ఇలాంటి కిట్లు అమ్మే 23అండ్‌మీ సంస్థలో 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పొక్కాయి, 2025లో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. పాస్‌వర్డ్ అయితే మార్చుకోవచ్చు.

రిపోర్టు చేతికొచ్చాక

సికిల్ సెల్ రిపోర్టులో ఒక వరుస ఇలా ఉంటుంది: హెచ్‌బీబీ, సీ.20ఏ>టీ, హెటరోజైగస్, పాథోజెనిక్. మొదటిది జన్యువు పేరు. రెండోది, ఆ జన్యువు ప్రొటీన్ రాతలో 20వ అక్షరం ఏ బదులు టీ పడిందని. హెటరోజైగస్ అంటే రెండు ప్రతుల్లో ఒకదాంట్లోనే అని. అంటే ఈ మనిషి క్యారియర్, జబ్బు మనిషి కాదు. ఇదే మార్పును పాత పుస్తకాలు ప్రొటీన్‌లో ఆరో స్థానమంటాయి, కొత్త రిపోర్టులు ఏడో స్థానమంటాయి. తేడా లెక్కపెట్టడం ఎక్కడ మొదలుపెట్టారన్నదే. రెండు రిపోర్టుల్లో రెండు అంకెలు చూసి రెండు జబ్బులనుకోకండి.

ఆఖరి మాటకు ఐదు తరగతులున్నాయి. ఒక చివర పాథోజెనిక్ (జబ్బు తెచ్చేది), ఇంకో చివర బినైన్ (హాని లేనిది), ఆ రెంటి పక్కనే ‘లైక్లీ’ (బహుశా) తగిలించినవి రెండు, నడిమధ్యన వీయూఎస్. వీయూఎస్ అంటే అర్థం ఇంకా తేలని మార్పు. నా స్నేహితుడొకడు రాత్రి 11 గంటలకు ఫోన్ చేసి, కూతురి రిపోర్టులో ఈ మూడక్షరాలు చదివి, “ఇది ఎన్నో స్టేజి?” అని అడిగాడు. స్టేజి కాదు, తీర్పు వాయిదా పడిందని అర్థమయ్యేలా చెప్పేసరికి పన్నెండు దాటింది. ఎంత ఎక్కువ మేర చదివితే అన్ని ఎక్కువ వీయూఎస్‌లు వస్తాయి. పది జన్యువుల ప్యానెల్ చాలినచోట వంద జన్యువులది చేయిస్తే దక్కే అదనపు టెన్షన్ ఇదే. వీయూఎస్‌ను బట్టి ఆపరేషన్లు, గర్భం విషయంలో నిర్ణయాలు తీసుకోకూడదు. తర్వాత్తర్వాత తరగతి మారినవాటిలో ఎక్కువ భాగం హాని లేని వైపే వెళ్తాయి.

ఎక్సోమ్, జీనోమ్‌లకు సంతకం పెట్టేముందు ఇంకో ప్రశ్న అడుగుతారు: వెతుకుతున్నది కాక వేరే తీవ్రమైన ముప్పేదైనా కనిపిస్తే చెప్పమంటారా, వద్దా? ఇలా చెప్పదగ్గ జన్యువుల జాబితాను అమెరికా జెనెటిక్స్ వైద్యుల కాలేజీ 2013లో 56 జన్యువులతో మొదలుపెట్టింది, ఇప్పుడది 80 దాటింది. చికిత్సో జాగ్రత్తో ఉన్న జబ్బులే అందులో ఉంటాయి కాబట్టి నేనైతే చెప్పమంటాను. మీ ఇంట్లో ఒప్పుకోనివాళ్లుంటే ముందే మాట్లాడుకోండి.

ఎక్సోమ్‌లో ఏమీ తేలలేదని వస్తే వెంటనే ఇంకో పరీక్షకు పరిగెత్తక్కర్లేదు. కొత్త జన్యువులకూ జబ్బులకూ ఉన్న సంబంధాలు ఏటా బయటపడుతూనే ఉన్నాయి. ఏడాదో రెండేళ్లో ఆగి అదే డేటాను మళ్లీ విశ్లేషించమంటే, రక్తం చుక్క కొత్తగా తీయకుండానే కొందరికి జవాబు దొరుకుతోంది. ల్యాబ్ తనంతట తాను ఫోన్ చేస్తుందని ఎదురుచూడొద్దు. డేటా ఫైలు కాపీ అడిగి తీసుకుని, మళ్లీ అడగాల్సిన తేదీని ఫోనులో రిమైండర్‌గా పెట్టుకోండి.